ఎర్ర కారు పెట్రోల్ లైను

2001 ఎండాకాలం. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో నా గ్యారేజీ ఉండేది. గ్యారేజీ అంటే రేకుల షెడ్డు, నేలలో తవ్విన ఒక పిట్, గోడకు వేలాడే పానాలు, అంతే. కారును పైన నిలబెట్టి మేం కింద నిలబడి పనిచేసుకునే గుంతను పిట్ అంటాం. సందుకు అవతల, సరిగ్గా నా ఎదురుగా, రహీం భాయ్ కిటికీ గ్రిల్లులు వెల్డింగ్ చేసేవాడు.

అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. గౌలిగూడలో ఒక లారీ మేస్త్రీ దగ్గర పానా పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు అంబాసిడర్లు, ఫియట్లే నాకు అన్నం పెట్టాయి. కొత్త కార్లన్నీ కంపెనీ సర్వీస్ సెంటర్లకు పోవడం మొదలయ్యాక మా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. పాత కారు ఉన్నవాళ్లు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేవారు. కార్బురేటర్ విప్పి మళ్లీ బిగించగల మనుషులు ఊళ్లో తక్కువైపోతున్న రోజులవి. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగమే కార్బురేటర్.

ఒక సోమవారం ఉదయం పదింటికి సందులోకి ఎర్ర కారు వచ్చింది. రెండే సీట్లు. గుడ్డ టాపు వెనక్కి మడిచి ఉంది. ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు అది. నేను అబిడ్స్‌లో ఆ కారును చాలాసార్లు చూశాను, చూడని వాళ్లు ఉండరేమో కూడా. కానీ దగ్గరి నుంచి చూడటం అదే మొదటిసారి. స్టీరింగ్ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కాటన్ చీర, మెడ దాకా కత్తిరించిన తెల్ల జుట్టు, మందపాటి కళ్లద్దాలు.

"నర్సింగ్ అంటే నువ్వేనా?"

"ఔ మేడమ్, నేనే."

"ఈ కారు అబిడ్స్ సర్కిల్ దగ్గర ఆగిపోతోంది. ఎండ ముదిరాకే ఈ గొడవంతా. పది నిమిషాలు ఊరుకుంటే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఈలోగా వెనకాల అందరూ హారన్లు. నిన్న ఒకాయన దిగి వచ్చి, దీన్ని మ్యూజియంకు ఇచ్చేయండమ్మా అన్నాడు."

"మీరేమన్నరు?"

"ముందు నన్ను ఇచ్చేసి తర్వాత దాన్ని ఇస్తారులే అన్నాను."

ఆమె పేరు సుగుణ. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన క్రిస్టియన్ కుటుంబం. కోఠిలో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయ్యారు. స్వదేశం వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషు ఆఫీసరు దగ్గర, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నారట ఈ కారును. పెళ్లి చేసుకోలేదు. అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక వీధిలో ఒంటరిగా ఉండేవారు.

పెట్రోల్ లైన్ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. ఈ కారులో టాంకీ వెనక డిక్కీ కింద ఉంటుంది. దాని పక్కనే ఒక ఎలక్ట్రిక్ పంపు. ఆ పంపు పెట్రోల్‌ను లాగి, కారు అడుగున సాగిపోయే సన్నటి స్టీలు పైపు ద్వారా ముందున్న ఇంజన్ దాకా తోస్తుంది. స్టీలు పైపు కదలదు, ఇంజన్ మాత్రం అదురుతూ ఉంటుంది. అందుకని అతుకులు పడే చోట్లల్లా రబ్బరు హోసు పైపులు వేస్తారు. స్టీలుకు తుప్పు శత్రువు, రబ్బరుకు వయసు శత్రువు. రబ్బరు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల పొరలు పొరలుగా ఊడి వస్తుంది. సీసం లేని పెట్రోల్ వచ్చాక పాత రబ్బరు ఇంకా తొందరగా పాడవుతోందని అప్పట్లో మా మెకానిక్‌లు చెప్పుకునేవాళ్లం.

ఇంజన్ దగ్గరి హోసు ఒకటి ఊడదీసి వంచి చూశాను. పటపటమని పగిలింది. నిలువునా కోస్తే లోపల నల్లటి పొట్టు. ఆ పొట్టు వెళ్లి కార్బురేటర్ జాలీకి అడ్డం పడుతోంది, ఇంజన్‌కు పెట్రోల్ అందడం లేదు. ఆమె చెప్పిన జబ్బుకు కారణం దొరికింది.

తర్వాత కారును పిట్ మీదికి తెచ్చి, టార్చి పట్టుకుని కిందికి దిగాను. స్టీలు పైపు పొడుగునా మట్టి, పాత తారు. వెనకాల పంపు దాటి స్టీలు పైపు మొదలయ్యే చోట ఎవరో ఎప్పుడో పైపు కోసి జానెడు రబ్బరు ముక్క అతికించారు. దాని మీద కూడా మట్టి గట్టిగా పేరుకుని ఉంది. ఒక చివర వేలితో తడిమాను. పొడిగానే తగిలింది.

పైకి వచ్చి చెప్పాను. "మేడమ్, ముందట రబ్బర్లన్నీ పోయినయి. నా మాట ఇంటే టాంకీ కాడికెళ్లి కార్బురేటర్ దాకా లైన్ మొత్తం మారుద్దాం. టాంకీ దించాలె. ఒక వారం పడ్తది."

"వారమా? కుదరదు నర్సింగ్. రేపు మంగళవారం. శకుంతలను దవాఖానకు తీసుకుపోవాలి."

శకుంతల గారు అదే కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల స్నేహం. శకుంతల గారి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, నాంపల్లిలో ఒక దవాఖానలో డయాలిసిస్. మిషన్ మీంచి లేచాక ఒళ్లు తూలిపోతుంది. ఆమె ఇల్లూ అబిడ్స్‌లోనే, అంత కొద్ది దూరానికి ఆటోవాళ్లు రామంటారు, వచ్చినా గుంతల్లో ఎగరేసుకుంటూ పోతారు. అందుకని ఆ రెండో సీటు శకుంతల గారిదైపోయింది.

"ముందువి మార్చేయ్. వెనకది తర్వాత చూద్దాం" అన్నారు సుగుణ మేడమ్.

నేను ఒక ప్రశ్న అడిగాను. ఇరవై ఏళ్లుగా అందరినీ అడుగుతున్న ప్రశ్నే. "వెనకాల ఎప్పుడన్న పెట్రోల్ వాసన వస్తదా మేడమ్? డిక్కీ తెరిచినప్పుడు గానీ, ట్రాఫిక్‌ల ఆగినప్పుడు గానీ?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "లేదు. ఏ వాసనా లేదు."

ఆ జవాబు నాకు చాలా సుఖంగా అనిపించింది. రోజూ ఆ కారులో కూర్చునే మనిషి, పైగా కెమిస్ట్రీ మేడమ్. వాసన లేదంటే కారడం లేదు. ముందు హోసులు నాలుగూ మార్చాను, జాలీలు కడిగాను, సాయంత్రానికి కారు ఇచ్చేశాను. ఆ వెనక ముక్క మీది మట్టిని గీకి చూడటానికి పది నిమిషాలు పట్టేది. చూడలేదు. చూస్తే ఆ పని చేయాల్సి వస్తుంది, చేస్తే రేపటికి కారు ఇవ్వలేను. అప్పుడు నేను ఇంత స్పష్టంగా అనుకోలేదు గానీ, లోపల జరిగిన లెక్క అదే.

తర్వాత మూడు నెలలు కారు బాగా నడిచింది. మంగళవారాలూ శుక్రవారాలూ మా సందు మొదట్లోంచి ఎర్రగా సాగిపోవడం చూసేవాణ్ని. మేడమ్ చెయ్యి ఊపేవారు.

ఆగస్టులో ఒక శుక్రవారం. పొద్దుటి నుంచి ముసురు పట్టి, మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చింది. నేను షెడ్డులో చేతులు కడుక్కుంటున్నాను. పిట్ మీద ఒక అంబాసిడర్ ఉండటంతో సుగుణ మేడమ్ కారును సందుకు అవతలి పక్క, రహీం భాయ్ దుకాణం ముందు ఆపారు. పక్క సీట్లో శకుంతల గారు కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చి ఉన్నారు. అప్పుడే డయాలిసిస్ అయి వస్తున్నారు.

"నర్సింగ్, వైపర్ సగంలో ఆగిపోతోంది, చూడు" అని అక్కణ్నుంచే కేక వేసి, ఇంజన్ ఆపేసి, నాకు చూపించడానికి తాళం మాత్రం ఆన్ చేసి పెట్టారు.

నాకు ముందు చప్పుడు వినిపించింది. టిక్ టిక్ టిక్ టిక్. ఆ కారు పంపు చేసే చప్పుడది. తాళం తిప్పగానే నాలుగైదుసార్లు టిక్కుమని, కార్బురేటర్ నిండగానే ఆగిపోవాలి. ఇంజన్ నడవకుండా ఉంటే ఇక కొట్టుకోకూడదు. ఇది ఆగడం లేదు. ఆగడం లేదంటే పెట్రోల్ ఎక్కడికో పోతోంది. ఆ ఆలోచన పూర్తయ్యేలోపే వాసన తగిలింది. సందు ఇవతల, అంత దూరంలో ఉన్న నాకు ముక్కు మండేంత వాసన.

అవతల రహీం భాయ్ ముఖానికి అద్దం పెట్టుకుని గ్రిల్ మీద వంగి ఉన్నాడు. నిప్పురవ్వలు దుకాణం మెట్ల దాకా ఎగిరిపడుతున్నాయి. కారు వెనక చక్రానికీ ఆ మెట్లకూ మధ్య రెండు బారల దూరం కూడా లేదు.

"రహీం భాయ్! బంద్ కరో! మెషిన్ బంద్!" అని అరుస్తూ సందు దాటాను. అతను అద్దం ఎత్తి నా ముఖం చూశాడు. ఏమిటని అడగలేదు. చేతిలోది వదిలేసి లోపలికి పరుగెత్తి మెయిన్ స్విచ్ దించేశాడు.

"మేడమ్, తాళం బంద్ చెయ్యిన్రి! దిగున్రి, జల్ది!"

"వైపర్ చూపించడానికేగా ఆన్ చేశాను. ఎందుకలా అరుస్తావ్?"

"మేడమ్, పెట్రోల్ కారుతున్నది!"

టిక్ టిక్ ఆగింది. ఆమె దిగారు. శకుంతల గారు లేవలేకపోతున్నారు. ఆ కారు ఎంత కిందికి ఉంటుందంటే, అందులో కూర్చోవడమంటే నేల మీద కూర్చోవడమే. నేను ఒక పక్క, రహీం భాయ్ ఒక పక్క పట్టుకుని ఎత్తి, నా షెడ్డులో బెంచీ మీద కూర్చోబెట్టాం. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి సందులో పోసిన ఇసుకను రహీం భాయ్ తట్టతో తెచ్చి తడి మీద చల్లాడు. సిగరెట్ వెలిగించుకుని వింత చూడ్డానికి వస్తున్న ఒకాయన్ని ఇద్దరం కలిసి తిట్టి పంపించాం. కారును న్యూట్రల్‌లో పెట్టి సందు చివరి ఖాళీ జాగాకు తోసుకెళ్లాం.

సుగుణ మేడమ్ మా వెంటే వచ్చారు. కారు వెనక వంగి చూశారు. అడుగు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. ఆమె వేలు చాపి ఒక చుక్క పట్టుకున్నారు. బొటనవేలితో రుద్దారు. అది ఎంత త్వరగా ఆరిపోతుందో చూసి, "చల్లగా ఉంది. పెట్రోలే" అన్నారు.

నేను ఆమె చెయ్యినే చూస్తున్నాను. నా ఇన్నేళ్ల పనిలో కారు కింద తడి చూసిన ప్రతి మనిషీ, నీళ్లా, ఆయిలా, పెట్రోలా అని తెలుసుకోవడానికి చేసేది ఒకటే. వేలు ముంచి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటాడు. పిల్లలు కూడా అదే చేస్తారు. ఈమె వేలు ముక్కు దాకా పోలేదు.

మెల్లగా అడిగాను. "మేడమ్, మీకు వాసన తెల్వదా?"

ఆమె నా వెనక షెడ్డు వైపు, బెంచీ మీద కూర్చున్న శకుంతల గారి వైపు చూశారు. తర్వాత నడుచుకుంటూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను.

"పన్నెండేళ్లయింది" అన్నారు సుగుణ మేడమ్, ఎటో చూస్తూ.

"ఏంది? ఏం పన్నెండేండ్లు?" అన్నారు శకుంతల గారు.

"నాకు వాసన తెలియక. ఒక జ్వరం వచ్చింది చూడు, నువ్వు వారం రోజులు జావ పట్టుకొచ్చావు. జ్వరం పోయింది. ముక్కు మళ్లీ రాలేదు."

శకుంతల గారు ఆమె వైపు తిరిగారు. "మరి లాబ్‌ల ఎట్ల జేసినవే?"

అప్పుడు ఆమె చెప్పింది వినాలి. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో సగం పని ముక్కుదేనట. పరీక్షనాళికలోంచి వచ్చే గాలి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే ఒక లవణం, వెనిగర్ వాసన వేస్తే ఇంకొకటి. ఈమెకు ఏదీ తెలియదు. తెలియదని చెబితే లాబ్ నుంచి తప్పిస్తారని భయం. అందుకని ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లి, "నేను చెప్పను, ముందు నువ్వు చెప్పు, ఏం వాసన?" అని ఆడపిల్లలను అడిగేవారట. పిల్లలతో చెప్పించి నేర్పిస్తుందని కాలేజీలో ఆమెకు మంచి పేరు వచ్చింది. రిటైర్మెంట్ సభలో కూడా దాని గురించే పొగిడారట.

"ఆ రోజన్నా చెప్పాల్సింది. అప్పటికి దాచడం అలవాటైపోయింది" అన్నారు. "నువ్వు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పలేదు నర్సింగ్. ఏ వాసనా లేదు అన్నాను. నాకు నిజంగానే ఏ వాసనా లేదు."

శకుంతల గారు చెంగు మూతికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. చెంగు తీసి, "నాకు నెల దినాల సంది వస్తనే ఉన్నదే ఆ కంపు" అన్నారు.

ఇక ఆ సంభాషణ నా ముందు జరగాల్సింది కాదనిపించి నేను కారు దగ్గరికి వెళ్లిపోయాను.

ఈసారి వారం కుదరదని ఎవరూ అనలేదు. ఆ వారంలో వచ్చిన మంగళవారం, శుక్రవారం శకుంతల గారిని నా ఫియట్‌లో నేనే దవాఖానకు తీసుకెళ్లాను. ఎవరూ అడగలేదు, నేనే వెళ్లాను. మంగళవారం తిరిగి వచ్చేటప్పుడు ఆమె తనంతట తానే మాట్లాడారు.

"ఎందుకు జెప్పలేదు అనుకుంటున్నవు గదా నువ్వు?"

"అట్లేం లేదమ్మా."

"అనుకుంటవు. ఎవరైనా అనుకుంటరు. చూడు నాయనా, వారానికి రెండుసార్లు నా కోసం పనులన్నీ ఇడిచిపెట్టి వస్తది. ఎండల, వానల, నేను లోపల పండుకుంటే నాలుగు గంటలు బయట కూసుంటది. గసుంటి మనిషికి నీ కారు కంపు కొడ్తున్నది అని ఏ నోటితోని జెప్పను?" వెంటనే మళ్లీ అన్నారు. "ఇంకొకటి కూడా ఉన్నది. ఈ రోగం వచ్చిన కాన్నుంచి నా నాలిక, ముక్కు నా మాట ఇంటలేవు. అన్నం ఇనుము లెక్క అనిపిస్తది. పాలు కూడా ఏదో వాసన వస్తయి. డాక్టరు గూడ గట్లనే ఉంటదన్నడు. ఈ పెట్రోల్ కంపు గూడ నా రోగమే అనుకున్న. ఆమెకు రాంది నాకెట్ల వస్తది అనుకున్న."

గేరు మార్చి మెల్లగా పోనిచ్చాను. ఒకరికి వాసన తెలియదు. ఇంకొకరికి తెలిసినా తన ముక్కును తనే నమ్మలేదు. మూడోవాడిని నేను. నా ముక్కు బాగానే పనిచేస్తుంది, దాన్ని కారు కిందికి తీసుకెళ్లలేదు.

పని మొదలుపెట్టాను. ముందు టాంకీలోని పెట్రోల్ మొత్తం తోడేసి, టాంకీ దించాను. వెనక అతికించిన ముక్కను కోసి తీస్తే అది పెట్రోల్ హోసే కాదు, నీళ్లకు వాడే మామూలు రబ్బరు. పెట్రోల్ తాగి ఉబ్బి, క్లిప్పు బిగించిన చోట నిలువునా చీలింది. పంపు కొట్టిన ప్రతిసారీ ఆ చీలికలోంచి పిచికారీలా చిమ్ముతోంది. కారు పరుగెడుతున్నప్పుడు గాలికి వెనక్కి పోయేది, ఆగినప్పుడు కింద గుమ్మరించేది. స్టీలు పైపు సంగతి ఇంకా ఘోరం. మట్టి గీకితే, పట్టీలు పట్టుకున్న చోట తుప్పు తిని కాగితమంత పల్చగా ఉంది. గోటితో నొక్కితే లోపలికి పోయింది.

సుగుణ మేడమ్ రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. మూడో రోజు చీలిన ఆ రబ్బరు ముక్కను ఆమె చేతిలో పెట్టాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"మేడమ్, ఈ ముక్కను నేను ఎండకాలంలనే చూసిన. అతుకు అని నాకు ఎరుకే. మట్టి గీకి చూడాల్సి ఉండె. మీరు వాసన లేదన్నరు, నాకు గంతే చాలనిపించింది. తప్పు నాదే."

ఆమె ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. నాకైతే, ఇక ఈ కారును ఇంకెక్కడికైనా తీసుకుపోతానంటారేమో అనిపించింది. అంటే నేను కాదనేవాణ్ని కాదు.

"నేను పన్నెండేళ్లు దాచాను. నువ్వు మూడు నెలలు చూడనట్టు ఊరుకున్నావు" అన్నారు. "ఇద్దరం కలిసి ఆమెను తీసుకెళ్లి ఆ సీట్లో కూర్చోబెట్టాం."

అంతే అన్నారు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇప్పటికీ గుర్తుంది.

కొత్త లైనుకు గౌలిగూడలో తిరిగి, బ్రేకులకు వాడే రకం గట్టి స్టీలు పైపు తెచ్చాను. రాగి పైపు వంచడం సులువు గానీ, అదురుకు కొన్నాళ్లకు చిట్లుతుంది. పాత పైపును పక్కన పెట్టుకుని, దాని వంపులన్నీ ముందు ఒక ఇనుప తీగకు నేర్పి, ఆ తీగను చూస్తూ కొత్త పైపును వంచాను. చివరలను ఫ్లేర్ చేశాను, అంటే హోసు జారిపోకుండా అంచును కాస్త ఉబ్బించడం. హోసులన్నీ పెట్రోల్ కోసం చేసినవే వేశాను. రబ్బరును కోసే పళ్లున్న క్లిప్పులు తీసేసి అంచు గుండ్రంగా ఉండేవి బిగించాను. పైపు ఎక్కడా ఇనుముకు రాసుకోకుండా ప్రతి పట్టీ కింద రబ్బరు పెట్టాను. పెట్రోల్ పోయకముందు లైనులోకి గాలి కొట్టి, అతుకు అతుకుకూ సబ్బునీళ్లు పూశాను. కారితే బుడగ వస్తుంది.

"ఎక్కడా బుడగ లేదు" అన్నారు మేడమ్, కళ్లద్దాలు సర్దుకుని పిట్‌లోకి వంగి. ఆ పరీక్ష ఆమెకు బాగా నచ్చింది. కళ్లతో చూసి తేల్చుకునే పరీక్ష అది.

దాంతో నాకు ఇంకో ఆలోచన వచ్చింది. టాంకీలో పెట్రోల్ పోసి, ఆమెను సీట్లో కూర్చోబెట్టి, "ఇంజన్ స్టార్ట్ చెయ్యకున్రి మేడమ్. తాళం ఒక్కటే తిప్పున్రి, ఇనున్రి" అన్నాను.

టిక్ టిక్ టిక్ అని వేగంగా కొట్టుకుని, మెల్లగా తగ్గి, ఆగిపోయింది.

"ఆగింది."

"గదే గుర్తు. రోజూ పొద్దుగాల గిట్లనే తాళం తిప్పి ఆగున్రి. నాలుగైదు కొట్టి ఊకుంటే మంచిది. ఊకోకుంటే, బండి తియ్యొద్దు. నాకు ఫోన్ చెయ్యిన్రి, నేనే వస్త."

ఆమె తాళం తీసి మళ్లీ తిప్పారు. మళ్లీ విన్నారు. అట్లా నాలుగుసార్లు చేశారు. "ఇన్నేళ్లుగా ఈ చప్పుడు వింటున్నాను. ఏమిటని ఎవరినీ అడగలేదు" అన్నారు.

మర్నాడు మంగళవారం. శకుంతల గారిని ఎక్కించుకుని మా సందులోకి వచ్చి ఒక్క నిమిషం ఆగారు. శకుంతల గారు తల బయటికి పెట్టి, "నర్సింగ్, ఇయాల ఏ కంపు లేదు. నేను చెప్తున్న, నమ్ము" అన్నారు.

"ముక్కు ఆమెది, స్టీరింగ్ నాది. ఒప్పందం అయిపోయింది" అన్నారు సుగుణ మేడమ్.

శకుంతల గారు ఇంకో మూడేళ్లు బతికారు. ఆ మూడేళ్లూ మంగళవారాలు, శుక్రవారాలు ఆ కారు తిరిగింది. ఆమె పోయాక ఒక ఏడాది పాటు మేడమ్ దాన్ని ఇంట్లోంచి తీయలేదు. తర్వాత ఒక రోజు ఫోన్ చేసి, బ్యాటరీ చచ్చిపోయింది, వచ్చి లేపమన్నారు. లైను తడిమి చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. కొన్నాళ్లు ఆదివారాలు చర్చికి అందులోనే వెళ్లారు. చూపు మందగించాక తన పాత విద్యార్థిని ఒకామెకు ఇచ్చేశారు. ఇచ్చే ముందు ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చి, "ఇతను అడిగే ప్రశ్నలకు సిగ్గుపడకుండా జవాబు చెప్పు" అన్నారు.

ఆ కేసు నాకు నేర్పింది రబ్బరు గురించీ స్టీలు గురించీ కాదు. అవి నాకు ముందే తెలుసు. బండి గురించి మనిషి చెప్పే ప్రతి మాటా ఆ మనిషి కళ్లు, చెవులు, ముక్కుల మీదుగా వస్తుంది. వాటిలో ఏది పనిచేస్తుందో, ఏది చేయదో, ఏది చెప్పడానికి మొహమాటపడుతున్నారో బయటికి కనిపించదు. వాసన లేదు అన్నది, వాసన తెలియదు అన్నది చెవికి ఒకేలా వినిపిస్తాయి. మనకు కావాల్సిన జవాబే వచ్చినప్పుడు మనం ఇంకా తక్కువ వింటాం.

అందుకే ఇప్పుడు ఎవరేం చెప్పినా వినడం అయ్యాక పిట్‌లోకి దిగి, మట్టి గీకి, నా ముక్కుతో నేను చూసుకుంటాను. దిగే ముందు బండి యజమానిని ఇంకొకటి అడుగుతాను: మీ పక్కన రోజూ ఎవరు కూర్చుంటారు? ఒక్కసారి వాళ్లను కూడా తీసుకుని రండి. చాలామంది నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. వాళ్లు వచ్చాక, యజమానిని టీ తాగి రమ్మని పంపించి, పక్క సీటు మనిషిని ఒంటరిగా అడుగుతాను. ఇంతకాలం చెప్పకుండా ఊరుకున్నది ఏదో ఒకటి దాదాపు ప్రతిసారీ బయటికి వస్తుంది.